పాత యజమాని చెప్పే మాటను చూసే హక్కు ఉద్యోగికి ఉండాలి

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

ఉద్యోగాల కోత గురించీ, కొత్త నియామకాలు మందగించడం గురించీ మీ పత్రికలో వార్తలు తరచూ వస్తున్నాయి. ఆ వార్తల్లోకి రాని ఒక విషయాన్ని మీ దృష్టికీ, పాఠకుల దృష్టికీ తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. ఒక సంస్థను వదిలి మరో సంస్థలో చేరబోయే ఉద్యోగి గురించి పాత సంస్థ ఏం చెబుతుంది, ఆ మాట తప్పయితే దాన్ని సరిదిద్దుకునే దారి ఆ ఉద్యోగికి ఉందా అన్నదే ఆ విషయం. హైదరాబాద్‌లో ప్రైవేటు సంస్థల సిబ్బంది విభాగాల్లో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. పాత ఉద్యోగుల గురించి అడిగేవారికి జవాబులు పంపే పని, కొత్తగా తీసుకునేవారి గురించి వాకబు చేసే పని రెండూ నా బల్ల మీదుగానే నడిచాయి. ఇప్పటికీ తెలిసినవారి పిల్లలు ఈ చిక్కు వచ్చినప్పుడు కాగితాలు పట్టుకుని సలహా కోసం వస్తుంటారు. వారి ముఖాల్లో కనిపించే నిస్సహాయతే నా చేత ఈ లేఖ రాయిస్తున్నది.

ముందుగా ఈ వాకబు ఎలా సాగుతుందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఉద్యోగులకు ఇది బొత్తిగా తెలియదు. కొత్త సంస్థ ఆఫర్ లెటర్ ఇచ్చిన తర్వాత, ఒక్కోసారి ఉద్యోగి చేరి నెల గడిచిన తర్వాత కూడా, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పనిని ఒక బయటి ఏజెన్సీకి అప్పగిస్తుంది. ఆ ఏజెన్సీ పాత సంస్థకు ఒక నమూనా పత్రం పంపుతుంది. ఎప్పటినుంచి ఎప్పటివరకు పనిచేశారు, హోదా ఏమిటి, చివరి జీతం ఎంత అనే ప్రశ్నలు అందులో మొదట ఉంటాయి. ఇవి రికార్డు చూసి నింపేవి కనుక వీటితో పెద్దగా గొడవ రాదు. వాటి కింద ఎందుకు మానేశారు, బాకీలన్నీ తీర్చి వెళ్లారా, నడవడిక మీద ఫిర్యాదులున్నాయా, మళ్లీ అవకాశం వస్తే ఈ వ్యక్తిని తిరిగి తీసుకుంటారా అనే ప్రశ్నలుంటాయి. చివరి ప్రశ్నకు ‘అవును’, ‘కాదు’ అనే రెండు గడులే ఉంటాయి. కారణం రాయడానికి చోటున్నా ఎవరూ రాయరు. ఏజెన్సీ ఈ జవాబులన్నిటినీ కలిపి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఒక నివేదిక తయారుచేసి కొత్త సంస్థకు పంపుతుంది. ఎరుపు పడిన నివేదికను కింది నుంచి పైదాకా చదివి, ఎందుకు పడిందో ఆరా తీసే ఓపిక ఉన్న అధికారులను నేను చాలా తక్కువమందినే చూశాను. ఇంత జరిగినా ఆ నివేదిక ఎవరి గురించో ఆ మనిషికి మాత్రం దాని ప్రతి అందదు.

పైగా ఆ గడిని నింపేవారు చాలాసార్లు ఆ ఉద్యోగితో కలిసి పనిచేసినవారు కారు. పెద్ద సంస్థల్లో పదవి వదిలిన ప్రతి ఒక్కరి పేరు ఎదుట కంప్యూటర్లో ఒక కారణం నమోదై ఉంటుంది. రాజీనామా చేశారని, తొలగించామని, చెప్పకుండా వెళ్లిపోయారని, అంటే అందరూ అనే ‘అబ్‌స్కాండింగ్’ అని, ఇలా నాలుగైదు వర్గాలు మాత్రమే ఉంటాయి. రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచేయాల్సిన గడువు, అంటే నోటీసు పీరియడ్, 90 రోజులున్నచోట 40 రోజులు పనిచేసి, మిగతా రోజులకు జీతం వదులుకుంటానని రాసిచ్చి వెళ్లినవారిని ఏ వర్గంలో వేయాలో తెలియక, లేదా మేనేజరు కోపంగా ఉన్నాడని, చెప్పకుండా వెళ్లినవారి వర్గంలో వేసేస్తారు. ఆ క్షణానికి అది ఒక గుమాస్తా నొక్కిన మీట మాత్రమే. మూడేళ్ల తర్వాత మరో ఊళ్లో, మరో సంస్థలో అది ఆ మనిషి వ్యక్తిత్వానికి సాక్ష్యంగా నిలబడుతుంది. అప్పటికి ఆ మేనేజరు ఆ సంస్థలో ఉండడు, ఆ గుమాస్తాకు ఆ పేరే గుర్తుండదు.

నాకు బాగా తెలిసిన ఒక అమ్మాయి విషయం చెబుతాను. హైదరాబాద్‌లోని ఒక మందుల పంపిణీ సంస్థలో లెక్కల విభాగంలో ఆమె పనిచేసేది. కాకినాడలో తండ్రికి పక్షవాతం వచ్చినప్పుడు రాజీనామా ఈమెయిల్ పంపి, నోటీసు కాలానికి బదులుగా తన జీతంలోంచి కోసుకోమని అడిగి, లెక్కల పుస్తకాలూ ల్యాప్‌టాప్ అప్పగించి ఊరికి వెళ్లింది. పై అధికారి ఆ మెయిల్‌కు జవాబే ఇవ్వలేదు. కొన్ని నెలల తర్వాత తండ్రి కోలుకుని, ఆమె మరో సంస్థలో ఇంటర్వ్యూలన్నీ నెగ్గి ఆఫర్ అందుకున్నాక, చేరాల్సిన వారంలో ‘కొన్ని అంతర్గత కారణాల వల్ల’ ఆఫర్ ఉపసంహరించుకుంటున్నట్టు రెండు వాక్యాల మెయిల్ వచ్చింది. కారణం ఏమిటో తెలుసుకోవడానికే ఆమె పదేపదే రాయాల్సివచ్చింది. పాత సంస్థ ఆమెను చెప్పకుండా వెళ్లినవారిలో వేసి, ‘తిరిగి తీసుకోదగరు’ అని రాసిందని చివరికి మహిళా ఉద్యోగి ఒకరు దయతలచి ఫోనులో చెప్పారు. మేము రాజీనామా మెయిల్‌నూ, వస్తువులు అప్పగించినప్పటి రసీదునూ జతపరిచి, ఆవేశపు మాటలేవీ లేకుండా పాత సంస్థ ప్రధాన కార్యాలయానికి ఒక లేఖ రాయించాం. ఆ కాగితాలు చూసిన తర్వాత వారు నమోదును ‘రాజీనామా, నోటీసు కాలం పూర్తి చేయలేదు’ అని మార్చారు. మార్చిన మాట కూడా ఆమెకు మెచ్చుకోలేమీ కాదు, అయినా అది నిజం, నిజానికి ఆమె సమాధానం చెప్పుకోగలదు. తర్వాతి ఇంటర్వ్యూలో తనంతట తానే ఆ విషయం చెప్పి ఉద్యోగం తెచ్చుకుంది. పోయిన మొదటి ఉద్యోగానికి మాత్రం ఎవరూ జవాబుదారీ కాలేదు.

ఇక్కడే మన చట్టాల్లోని ఒక అసమానతను పాఠకులు గమనించాలని కోరుతున్నాను. మనం బ్యాంకుకు వాయిదా సరిగా కట్టామా లేదా అన్న నివేదికను సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు తయారుచేస్తాయి. 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం ప్రకారం ఆ నివేదికను చూసే హక్కు, తప్పుంటే సరిదిద్దమని అడిగే హక్కు రుణగ్రహీతకు ఉన్నాయి. ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఫిర్యాదును 30 రోజుల్లో పరిష్కరించకపోతే, ఆ పైన గడిచే ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం చెల్లించాలన్న ఏర్పాటు కూడా 2024 నుంచి ఉంది. ఫ్రిజ్ కొనడానికి తీసుకున్న అప్పు గురించి నాలుగు సంస్థలు రాసిన మాటను మనం చూడవచ్చు, ప్రశ్నించవచ్చు. కుటుంబమంతా ఆధారపడిన ఉద్యోగం గురించి రాసిన మాటను మాత్రం చూడలేం. దీన్ని సమర్థించే వాదన ఏదీ నాకు ఇన్నేళ్లలో వినబడలేదు.

ప్రభుత్వోద్యోగుల విషయంలో ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 2008 మే నెలలోనే జవాబిచ్చింది. సరిహద్దు రహదారుల ఇంజనీరింగ్ సర్వీసులో పనిచేసిన దేవ్ దత్ అనే అధికారికి పదోన్నతి రాలేదు. అందుకు కారణం పనితీరు మీద పై అధికారులు ఏటా రాసే రహస్య నివేదికలో, 1993-94 సంవత్సరానికి, ఆయనకు ‘మంచిది’ అన్న స్థాయి పడటం. పదోన్నతికి ‘చాలా మంచిది’ కావాలి. ‘మంచిది’ అన్నది ప్రతికూల వ్యాఖ్య కాదు కనుక ఆయనకు తెలియజేయనక్కర్లేదని ప్రభుత్వం వాదించింది. ఆ స్థాయి ఆయన అవకాశాన్ని పోగొట్టింది కనుక ఫలితంలో అది ప్రతికూలమేనని, వార్షిక నివేదికలోని ప్రతి నమోదునూ తగిన సమయంలో ఉద్యోగికి తెలియజేసి, దానిపై విన్నవించుకునే అవకాశం ఇవ్వాలని కోర్టు చెప్పింది. మరుసటి ఏడాది మే నెలలో కేంద్ర సిబ్బంది శాఖ ఆ మేరకు ఉత్తర్వులిచ్చి, పూర్తి నివేదికను అధికారికి చూపే పద్ధతి పెట్టింది. ప్రభుత్వ కార్యాలయంలో ‘మంచిది’ అన్న మాటకే ఇంత రక్షణ దొరికినప్పుడు, ప్రైవేటు సంస్థలో ‘తిరిగి తీసుకోదగరు’ అన్న మాట పడిన మనిషికి కనీసం ఆ మాట పడిందన్న కబురైనా అందకపోవడం ఏ న్యాయం?

యజమానుల వైపు నుంచి కూడా ఆలోచించే ఈ మాట అంటున్నాను. నకిలీ అనుభవ పత్రాలు అమ్మేవారు మన నగరాల్లో ఉన్నారు, వాటితో ఉద్యోగాల్లో చేరినవారూ ఉన్నారు. అందువల్ల వాకబు అవసరమే. నగదు లెక్కించేవారు, రోగుల మధ్య తిరిగేవారు, బడి బస్సు నడిపేవారు పాత చోట ఎలా నడుచుకున్నారో కొత్త యజమానికి తెలియాల్సిందే. దానికి చట్టం కూడా రక్షణ ఇస్తుంది. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువు నష్టాన్ని నేరంగా పరిగణిస్తూనే, తన ప్రయోజనాన్నో ఇతరుల ప్రయోజనాన్నో కాపాడటానికి సద్బుద్ధితో చెప్పిన మాటకు మినహాయింపు ఇస్తుంది. ఫలానా వ్యక్తి నిజాయితీ మీద నమ్మకం లేదు కనుక రొక్కం ఇస్తే తప్ప సరుకు ఇవ్వవద్దని దుకాణదారు తన వ్యాపారం చూసుకునే మనిషికి చెప్పడం పాత శిక్షాస్మృతి కాలం నుంచీ చట్టం ఇస్తున్న ఉదాహరణే. ఆధారం ఉన్న నిజాన్ని చెప్పే యజమాని ఎవరికీ భయపడనక్కర్లేదు. నేను అడుగుతున్నది యజమాని నోరు మూయమని కాదు, చెప్పే మాటను సంబంధిత ఉద్యోగికి కూడా వినిపించేలా చెప్పమని.

అలా చేస్తే సంస్థలు భయపడి, పనిచేసిన తేదీలూ హోదా తప్ప మరేమీ చెప్పకుండా ఊరుకుంటాయని నా పాత సహోద్యోగులు అంటుంటారు. ఇంగ్లండులో ఇదే భయం ఒక పెద్ద కేసులో చర్చకు వచ్చింది. గార్డియన్ అష్యూరెన్స్ అనే బీమా సంస్థ తరఫున పనిచేసి బయటికి వచ్చిన స్ప్రింగ్ అనే వ్యక్తి మరో సంస్థకు దరఖాస్తు చేస్తే, పాత సంస్థ ఆయన నిజాయితీనే శంకిస్తూ రాసిపంపింది. ఆ రాతలో దురుద్దేశం రుజువు కాలేదు కానీ, విచారించకుండా నిర్లక్ష్యంగా రాశారని తేలింది. 1994లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తుల్లో ఎక్కువమంది, మాజీ ఉద్యోగి గురించి రాసేటప్పుడు తగిన జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత యజమానికి ఆ ఉద్యోగి పట్ల ఉందని తీర్పు చెప్పారు. యజమానులు ఇక మౌనం వహిస్తారన్న వాదన వారి ముందుకు వచ్చినా, దానికోసం నిర్లక్ష్యపు మాటకు బలైన మనిషిని గాలికి వదిలేయడానికి వారు ఒప్పుకోలేదు. జర్మనీలో ఉద్యోగం మానేసే ప్రతివారికీ రాతపూర్వక పత్రం పొందే హక్కు ఉంది. ఉద్యోగి కోరితే అందులో పనితీరు, నడవడిక గురించి కూడా రాయాలి, పైకి ఒకటి కనిపిస్తూ లోపల మరొకటి సూచించే మాటలు వాడకూడదని చట్టమే చెబుతుంది. అమెరికాలో బయటి ఏజెన్సీ ఇచ్చిన నివేదిక ఆధారంగా ఉద్యోగం నిరాకరించాలనుకుంటే, నిర్ణయానికి ముందే ఆ నివేదిక ప్రతిని అభ్యర్థికి ఇవ్వాలి. మన పిల్లలు హైదరాబాద్ నుంచి డల్లాస్ వెళ్తే దొరికే ఈ చిన్న మర్యాద, హైదరాబాద్‌లోనే ఉండిపోయినవారికి దొరకకపోవడం బాధాకరం.

చట్టం మారేదాకా చిక్కులో ఉన్నవారు చేతులు ముడుచుకుని కూర్చోలేరు కనుక, నా అనుభవంలో పనికొచ్చిన మార్గాలు చెబుతాను. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఉద్యోగంలో ఉండగానే జరగాలి. రాజీనామా నోటి మాటగా కాకుండా మెయిల్‌లో ఇవ్వాలి, దాని ప్రతి సొంత మెయిల్‌కు కూడా వెళ్లాలి, చివరి పనిరోజు ఏదో అందులో స్పష్టంగా ఉండాలి. జీతం స్లిప్పులు, జీతంలోంచి కోసిన పన్ను చూపే ఫారం 16, ఇంక్రిమెంట్ లేఖలు, మెచ్చుకుంటూ ఎవరైనా రాసినవి ఉంటే అవి, అప్పగించిన వస్తువులకు రసీదు, చివరి లెక్కలన్నీ తేల్చినట్టు ఇచ్చే ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం, వీటన్నిటినీ ఆఫీసు కంప్యూటర్ చేతిలో ఉన్నప్పుడే భద్రపరచుకోవాలి. సంస్థ రహస్య పత్రాలను మాత్రం ముట్టుకోకూడదు, అలా చేస్తే నిజంగానే ఫిర్యాదుకు చోటిచ్చినట్టవుతుంది. కోపంలో ఉన్న మేనేజరుతో చివరి రోజుల్లో మాటకు మాట తగిలించుకోకుండా పని పూర్తిగా అప్పగించి రావడం వల్ల ఎన్నో గడులు ‘అవును’ వైపు పడటం నేను చూశాను.

భవిష్య నిధి ఖాతా సంగతి విడిగా చెప్పాలి. ఉద్యోగాలు మారినా మారకుండా ఉండే యూఏఎన్ అనే భవిష్య నిధి నంబరు కింద మనం ఎక్కడెక్కడ ఎన్నాళ్లు పనిచేశామో వరుసగా కనిపిస్తుంది, వెరిఫికేషన్ ఏజెన్సీలు దాన్ని తప్పకుండా చూస్తాయి. అందువల్ల చెడ్డ మాట చెబుతారన్న భయంతో ఒక సంస్థలో చేసిన ఉద్యోగాన్నే బయోడేటాలోంచి తీసేయడం పెద్ద పొరపాటు. పాత సంస్థ పెట్టిన మచ్చకన్నా దాచిన మచ్చ ఎక్కువ నష్టం చేస్తుంది. పాత సంస్థ ‘నిష్క్రమణ తేదీ’ని నమోదు చేయకుండా వదిలేస్తే, ఒకేసారి రెండు ఉద్యోగాలు చేస్తున్నట్టు అనుమానం వచ్చే ప్రమాదం ఉంది. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆ తేదీని ఆధార్ ఓటీపీతో ఉద్యోగే స్వయంగా నమోదు చేసుకునే సౌకర్యాన్ని భవిష్య నిధి సంస్థ ఈపీఎఫ్ఓ 2020లో కల్పించింది. సలహా కోసం వచ్చేవారిలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

పాత సంస్థ చెడ్డ మాట చెబుతున్నదని అనుమానం వస్తే, స్నేహితుడి చేత కొత్త సంస్థ అధికారిలా ఫోను చేయించి కూపీ లాగే పద్ధతి ఒకటి వాడుకలో ఉంది. దాన్ని నేను ఒప్పుకోను. అది అబద్ధంతో మొదలవుతుంది, అలా తెలిసిన మాటను ఏ కాగితం మీదా పెట్టలేం. ఆఫర్ ఉపసంహరించుకున్న సంస్థనే, ఏ అంశం దగ్గర అభ్యంతరం వచ్చిందో చెప్పమని మర్యాదగా రాసి అడగాలి. కొందరు చెబుతారు, చెప్పాల్సిన బాధ్యత లేకపోయినా చెబుతారు. తర్వాత పాత సంస్థకు రాయాలి. ఆ లేఖలో అభిప్రాయాల జోలికి పోకుండా తేదీలు, హోదా, మానేసిన కారణం, బాకీల వంటి రికార్డుతో తేల్చగల అంశాలనే ఎత్తాలి. ‘నేను మంచి ఉద్యోగిని’ అన్న వాదనకు అంతు ఉండదు. ‘ఫలానా తేదీన నేను రాజీనామా పంపాను, ప్రతి జతచేశాను’ అన్న వాక్యానికి ఎదురు చెప్పడం కష్టం. నోటీసు కాలపు డబ్బు కట్టాల్సి ఉంటే కట్టి రసీదు తీసుకుని, బదులుగా పనిచేసిన కాలం, హోదా మాత్రమే ఉన్న సాదా సర్వీసు సర్టిఫికెట్ కోరవచ్చు. చాలా సంస్థలు పొగడ్త రాయడానికి ఒప్పుకోవు కానీ దీనికి ఒప్పుకుంటాయి.

కొత్త సంస్థకు ముందే చెప్పాలా వద్దా అని అందరూ అడుగుతారు. చెప్పాలనే నా గట్టి అభిప్రాయం. అయితే సమయం చూసి, క్లుప్తంగా చెప్పాలి. మొదటి ఇంటర్వ్యూలోనే పాత కథంతా విప్పనక్కర్లేదు. ఎంపిక ఖాయమై, వెరిఫికేషన్ సమ్మతి పత్రం మీద సంతకం చేసే సమయానికి, పాత సంస్థతో ఫలానా విషయంలో భేదాభిప్రాయం వచ్చిందని, వారు ఫలానా విధంగా చెప్పే అవకాశం ఉందని, దానికి సంబంధించి తన దగ్గరున్న కాగితాలు ఇవని రెండు మూడు వాక్యాల్లో రాసివ్వాలి. పాత యజమానిని తిట్టే మాట ఒక్కటి కూడా అందులో ఉండకూడదు. తన పని తెలిసిన మరో ఇద్దరి పేర్లు, అంటే ఆ సంస్థ నుంచి బయటికి వచ్చేసిన టీం లీడరో, అంతకు ముందు సంస్థలోని పై అధికారో, వారి అనుమతితో ఇవ్వాలి. నేను నియామకాలు చూసిన కాలంలో ఇలా ముందే చెప్పినవారి ఎరుపు నివేదికను తెరిచి చదివేవాళ్లం. చెప్పనివారిది మూసేసేవాళ్లం, కాగితం మీద రెండూ ఒకటే రంగు అయినా. నిజంగానే పనిలో లోపం వల్ల తొలగింపుకు గురైనవారు కూడా ఇదే దారిలో వెళ్లాలి. తొలగించారని ఒప్పుకుని, ఆ తర్వాత నేర్చుకున్నదేమిటో, చేసిన పని ఏమిటో చూపించినవారిని తీసుకున్న సంస్థలు నాకు తెలుసు. నకిలీ అనుభవ పత్రం కొనుక్కున్నవారి దారి మాత్రం క్రిమినల్ కేసు వైపు వెళ్తుంది.

వీటన్నిటికీ లొంగని సంస్థలు ఉంటాయి. అక్కడ న్యాయవాది ద్వారా నోటీసు పంపడం తప్పదు. తప్పుడు నిందపై పరువు నష్టపరిహారం కోసం సివిల్ దావా వేయడానికి గడువు ఒక్క ఏడాది మాత్రమేనని లిమిటేషన్ చట్టం చెబుతున్నది కనుక, చూద్దాం చూద్దాం అనుకుంటూ కాలం గడిపితే ఆ తలుపు మూసుకుపోతుంది. మానేసిన ఉద్యోగికి రావలసిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలని, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల స్మృతి చెబుతున్నది. జీతాన్ని ఆపి ఉద్యోగిని లొంగదీసుకునే సంస్థల మీద కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. అయితే దావా అన్నది నెలనెలా అద్దె కట్టుకునే మనిషికి అందేది కాదని నాకు తెలుసు. ఉద్యోగం లేని మనిషిని కోర్టుకు వెళ్లమనడం సలహా అనిపించుకోదు. అందుకే నివేదిక పంపే రోజునే దాన్ని చూడగలిగే హక్కు కావాలంటున్నాను.

వేతనాల స్మృతితో పాటు అదే 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత స్మృతి, ఉద్యోగంలో చేరే ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వడాన్ని తప్పనిసరి చేసింది. ఇది చాలా మంచి పని. వెళ్లేవారికి ఇవ్వాల్సిన పత్రం గురించి, అన్ని రకాల ఉద్యోగులకూ దేశమంతటా వర్తించేలా అంత సూటి నియమం లేదు. పారిశ్రామిక కార్మికులకు 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల (సంస్థలోని ఉద్యోగ నిబంధనల) చట్టం కింది నమూనా నిబంధనల్లో సర్వీసు సర్టిఫికెట్ హక్కుగా ఉండేది. సాఫ్ట్‌వేర్, ఆసుపత్రి, బడి, దుకాణం, పంపిణీ సంస్థల్లో పనిచేసే అసంఖ్యాకులకు ఆ భరోసా అందలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచారాన్ని చూసే, సరిదిద్దుకునే హక్కుల గురించి మాట్లాడుతుంది కానీ, ఉద్యోగ అవసరాల పేరిట సమ్మతి లేకుండానే సమాచారాన్ని వాడుకునే వెసులుబాటును యజమానికి ఇచ్చింది. వెరిఫికేషన్ జవాబులు ఆ వెసులుబాటు చాటుకు వెళ్లిపోకుండా చూడాల్సిన అవసరం ఉంది.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టమే నడుస్తున్నది. దాన్ని సవరించే అధికారం రెండు రాష్ట్రాల శాసనసభలకూ ఉంది. ఉద్యోగి చివరి పనిరోజు నుంచి నిర్ణీత గడువులోగా తేదీలు, హోదా, మానేసిన విధం ఉన్న సర్టిఫికెట్ ఇవ్వాలని, ఆ సంస్థ ఆ ఉద్యోగి గురించి ఎవరికి ఏ జవాబు పంపినా దాని ప్రతిని అదే రోజు ఉద్యోగి మెయిల్‌కు పంపాలని, ఉద్యోగి అభ్యంతరం చెబితే ఆ అభ్యంతరాన్ని కూడా జవాబుతో కలిపి పంపాలని ఆ సవరణలో రాస్తే చాలు. దీనికి కొత్త కార్యాలయం అక్కర్లేదు, ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు. ఇప్పటికే మెయిల్‌లో వెళ్తున్న జవాబుకు మరో చిరునామా చేర్చడమే పని. రెండు రాష్ట్రాల కార్మిక శాఖల మంత్రులు ఈ ప్రతిపాదనను పరిశీలించాలనీ, ఈలోగా హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లోని సంస్థల సిబ్బంది విభాగాల పెద్దలు తమంతట తామే ఈ పద్ధతిని మొదలుపెట్టాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ‘తిరిగి తీసుకోదగరు’ అన్న గడి పక్కన కారణం రాయడాన్ని తప్పనిసరి చేయడం వారి చేతిలో ఉన్న పనే, రేపు ఉదయం నుంచే చేయవచ్చు.

ఇట్లు,
విశ్రాంత సిబ్బంది విభాగ అధికారి,
కూకట్‌పల్లి, హైదరాబాద్